విరిగిన ఇరుసు నుంచి విమానం రెక్క దాకా

పోయిన ఎపిసోడ్ తర్వాత మస్కట్ నుంచి ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టిండు: "తమ్మీ, కిటికీ పక్క సీటొస్తే రెక్కనే చూస్కుంట కూసుంట. అట్ల ఊగుతది గదా, ఇరగదా?" ఈ వారం ఎపిసోడ్ మొత్తం దాని మీదే. వినడానికి టైం లేనివాళ్ళ కోసం ఇక్కడ కుదించి రాస్తున్నాను. నేనుండేది జర్మనీలో. ఈ ప్రశ్నకి జవాబు కూడా చాలావరకు ఇక్కడే మొదలైంది, అదీ విమానాలు పుట్టకముందే.

రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇరుసులు ఉన్నట్టుండి విరిగేవి. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి, బండి పడిపోయి, మంటల్లో యాభైమందికి పైగా చనిపోయారు. బరువు ఎక్కువై విరిగిందా అంటే కాదు, అదే బరువును అప్పటిదాకా మోసిందే. ఈ చిక్కుముడిని పట్టుకుని కూర్చున్నవాడు ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు. ఊరు ఫ్రాంక్‌ఫర్ట్. మనం ఫ్లైట్ దిగేది కాదు, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, అది. 1850ల నుంచి ఏళ్ళ తరబడి ఇరుసుల్ని యంత్రాలకు బిగించి, బరువు పెట్టి, లక్షలసార్లు తిప్పించాడు. ఒక్కసారి పడే పెద్ద బరువు కన్నా, మళ్ళీ మళ్ళీ పడే చిన్న బరువే లోహాన్ని లోపల్నుంచి తినేస్తుందని తేల్చాడు. కట్టడాల్లో పనిచేసే మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. బైండింగ్ వైరు చేత్తో లాగితే తెగదు. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కుమంటుంది.

వోలర్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఇనుము విషయంలో ఒక హద్దుంది, దాని కిందే బరువు ఉంచితే ఎన్నిసార్లు తిప్పినా విరగదు. విమానం కథ తిరగబడేది సరిగ్గా ఇక్కడే.

ఎందుకంటే విమానం ఇనుముతో ఎగరదు, ఎగిరినా బరువెక్కువ. హ్యూగో యుంకర్స్ 1915లో ఇనుప రేకుతోనే మొదటి పూర్తి లోహ విమానం ఎగరేశాడు గానీ, అది బరువుతో ఆపసోపాలు పడింది. దారి చూపింది ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో కనిపెట్టిన అల్యూమినియం మిశ్రమం. కొంచెం రాగి, మెగ్నీషియం కలిపి వేడిచేసి చల్లార్చి వదిలేస్తే, రోజులు గడిచేకొద్దీ దానంతట అదే గట్టిపడింది. డ్యూరెన్ అనే ఊళ్ళో తయారైంది గనక డ్యూరాలుమిన్ అన్నారు. ఆ లోహంతోనే యుంకర్స్ 1919 జూన్ 25న దెస్సౌలో ఎఫ్ 13 ఎగరేశాడు. నలుగురు ప్రయాణికులు కూర్చునే లోహపు విమానం.

కానీ అల్యూమినియానికి వోలర్ చెప్పిన ఆ హద్దు లేదు. ఎంత చిన్న కుదుపైనా ఎక్కడో లెక్కలోకి వస్తూనే ఉంటుంది. అందుకే విమానానికి వయసు సంవత్సరాల్లోనే కాదు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కలోనూ చూస్తారు. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 1954లో. బ్రిటన్ వాళ్ళ కామెట్ జెట్‌లు రెండు మూడు నెలల తేడాతో గాల్లోనే పగిలిపోయాయి. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, దిగాక సర్దుకుని, చివరికి రేకు చిట్లింది.

ఇప్పుడు అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. రెక్క ఊగాలి, ఊగేలాగే చేస్తారు. బిర్రబిగుసుకుని ఉంటేనే ప్రమాదం. ఎంత ఊగొచ్చో కాగితం మీద రాసి ఉంటుంది. విమానం తన జీవితంలో చూడబోయే అతి పెద్ద బరువుకు ఒకటిన్నర రెట్లు మోపినా, కనీసం మూడు సెకన్లు విరగకుండా నిలవాలి. ఈ నియమాలు చూసే యూరప్ సంస్థ ఈఏఎస్‌ఏ ఆఫీసు కొలోన్‌లో ఉంది.

దుబాయ్ మీదుగా వచ్చినవాళ్ళలో చాలామంది ఏ380 ఎక్కే ఉంటారు. 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో దాని రెక్కను కావాలనే వంచుకుంటూ పోయారు. 1.5 రెట్లకు చేరకముందే, 1.45 దాటాక విరిగింది. ఆ కాస్త తేడాకి ఎవరు పట్టించుకుంటారు అనుకుంటాం. పట్టించుకున్నారు. ఆ చోట బలం పెంచే మార్పులు చేయించాకే, అదే ఏడాది డిసెంబర్ 12న సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంకోవైపు జర్మనీలోనే డ్రెస్డెన్‌లో మరో ఏ380ని షెడ్డులో కట్టేసి, జాకీలతో రెక్కల్ని లాగుతూ, లోపల గాలి నింపి తీస్తూ 47,500 ప్రయాణాలు చేయించారు. పాతికేళ్ళలో అది చేసే ప్రయాణాలకు రెండున్నర రెట్లన్నమాట. వోలర్ ఇరుసుకి చేసిన పనే, కాస్త పెద్దగా.

నాకు బాగా నచ్చిన పరీక్ష మాత్రం హాంబర్గ్‌లో జరిగింది. 2006 మార్చి 26న 873 మందిని ఏ380లో కూర్చోబెట్టి, దీపాలార్పి, సగం తలుపులు మూసేసి దిగమన్నారు. 90 సెకన్లలో అందరూ బయటపడాలి. 78 సెకన్లలో దిగిపోయారు. ఆ లెక్కలో పై అరలోంచి బ్యాగు తీసుకునే టైం లేదు. మన పాస్‌పోర్టు, వీసా కార్డు సాధారణంగా ఆ బ్యాగులోనే పెడతాం కదా. నేనైతే ఎక్కేముందే చొక్కా జేబులోకి మార్చేసుకుంటాను.