నేరం నిప్పు మీదికి తోసేశారు

1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన భూకంపం ఫోటోలు నెట్లో కోకొల్లలు. తీరిగ్గా కూర్చుని ఓ వంద ఫోటోలు వరసపెట్టి చూడండి. కాసేపటికి మీకూ ఒక అనుమానం రావాలి. పొగ ఉంటుంది, మంటలుంటాయి, కాలిపోయి మొండిగోడలు మిగిలిన వీధులుంటాయి. మరి భూకంపం ఏదీ? పేరేమో భూకంపం, బొమ్మలన్నీ అగ్నిప్రమాదానివి!

ఇందులో సగం నిజమే ఉంది. భూమి కదిలింది తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకి, నిమిషం లోపే. మంటలు మాత్రం మూడు రోజుల పైచిలుకు తగలబడ్డాయి. 28,000 భవనాలు పోయాయి. నాలుగు లక్షల జనాభా ఉన్న ఊళ్ళో సగం మందికి పైగా రోడ్డున పడ్డారు. పోయినదాంట్లో ఎక్కువ భాగం నిప్పు వల్లే పోయింది. కాదనను.

కానీ నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? పొగగొట్టాలు విరిగినందువల్ల, గ్యాస్ పైపులు పగిలినందువల్ల. హేస్ వ్యాలీలో ఒక ఇంట్లో పొయ్యి వెలిగించి పొద్దున్నే వంట మొదలెట్టారు. పొగగొట్టం దెబ్బతిందని వాళ్ళకి తెలీదు. ఆ మంట సిటీహాలు దాకా వెళ్ళింది. దానికి 'హామ్ అండ్ ఎగ్స్ ఫైర్' అని పేరు. ఆర్పుదామంటే నీళ్ళ పైపులు మూడు వందల పైచిలుకు చోట్ల తెగాయి. ఫైర్ చీఫ్ డెన్నిస్ సల్లివాన్ భూకంపంలోనే దెబ్బలు తగిలి నాలుగు రోజులకి చనిపోయాడు. సైన్యం డైనమైట్ పెట్టి ఇళ్ళు పేల్చి మంటలకి అడ్డుకట్ట వేద్దామనుకుంటే, చాలాచోట్ల ఆ పేలుళ్ళ వల్లే కొత్త మంటలు పుట్టాయి. అంటే నిప్పు వేరు, భూకంపం వేరు అని గీత గీయడం కుదిరే పని కాదన్నమాట. అయినా గీశారు. ఎందుకంటే ఆ గీత మీద కోట్ల డాలర్లు ఆధారపడి ఉన్నాయి.

అప్పటి ఇన్సూరెన్స్ పాలసీలు అగ్నిప్రమాదానికి. భూకంపానికి పైసా రాదు. అంతకంటే చిత్రమైన షరతు ఇంకోటి: నిప్పు వల్ల కాకుండా భవనం కూలిపోతే, కూలిన క్షణంలోనే పాలసీ రద్దు. ఆ తర్వాత అది కాలినా, బూడిదైనా కంపెనీకి సంబంధం లేదు. దాంతో అసలు ప్రశ్న ఒక్కటే అయి కూర్చుంది: మంట వచ్చేసరికి గోడ నిలబడి ఉందా, లేదా? లియొనార్డ్ వైల్డ్‌మన్ అనే సైనికాధికారి తన రిపోర్టులో ఒక సంగతి రాశాడు. మంటలు ఆర్పే మనిషొకడు ఆయన్ని ఆపి, ఇక్కడి జనం తమ ఇళ్ళకి తామే నిప్పు పెట్టుకుంటున్నారని చెప్పాడట. కాలితే తప్ప డబ్బు రాదని వాళ్ళకి ఎవరో చెప్పారు మరి. జీవితమంతా కష్టపడి కట్టుకున్న ఇల్లు, కొంచెం పగిలింది, దాన్ని చేతులారా తగలబెట్టుకోవాలి. మోసం అనాలంటే నాకు నోరు రావట్లేదు.

ఇప్పుడు ఒక ఫోటో గురించి చెప్పాలి. ఆర్నాల్డ్ గెంతె అని జర్మనీ నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డ ఫోటోగ్రాఫర్. భూకంపంలో తన కెమెరాలు పాడైపోతే, తెలిసిన షాపులోంచి ఒక చిన్న కోడాక్ అరువు తెచ్చుకుని వీధుల్లో తిరిగాడు (ఎలాగూ కాలిపోయేదే, ఏది కావాలంటే అది తీసుకుపో అన్నాడట షాపాయన). శాక్రమెంటో స్ట్రీట్ పైనుంచి కిందికి చూస్తూ తీసిన ఫోటో ఉంది. ఒక పక్కన ఇంటి ముందుగోడ మొత్తం కూలి ఇటుకలు వీధిలో పడున్నాయి. దూరంగా కొండంత పొగ. మధ్యలో జనం, కొందరు కుర్చీలు వేసుకుని మరీ, వీధినాటకం చూస్తున్నట్టు మంటల్ని చూస్తున్నారు. మంట దగ్గరికొస్తే లేచి కుర్చీలు ఇంకాస్త పైకి జరుపుకునేవారని గెంతె తర్వాత రాశాడు.

అందరూ జనం తాపీ గురించే మాట్లాడతారు గానీ, నా మట్టుకు నాకు ఆ ఫోటోలో ముఖ్యమైంది కూలిన గోడ. అది మంట రాకముందే కూలింది. ఒకే ఫ్రేములో రెండూ ఉన్నాయి, ఏది ముందో ఏది తర్వాతో కళ్ళకి కట్టినట్టు. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలుకి ఇలాంటి ఫోటో దొరికితే పండగే. ఇంటి ఓనరుకి దొరికితే చించేసేవాడు.

ఓనర్లకే కాదు, ఊరి పెద్దలకీ భూకంపం నచ్చలేదు. నిప్పు ఏ ఊళ్ళో అయినా అంటుకుంటుంది, షికాగో 1871లో కాలి మళ్ళీ లేవలేదా? భూకంపం అలా కాదు, మళ్ళీ వస్తుంది. మళ్ళీ వచ్చే చోట డబ్బెవడు పెడతాడు? అందుకని రియల్ ఎస్టేట్ వ్యాపారులు కూర్చుని, దీన్ని ఇకమీదట 'గ్రేట్ ఫైర్' అనే పిలవాలని తీర్మానించుకున్నారు. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ తన సన్‌సెట్ పత్రిక ద్వారా అదే పాట పాడింది. పోస్టుకార్డుల మీద ఫోటోలకి చేత్తో మంటలు దిద్దారు. ఫోటోల్లో భూకంపం ఆనవాళ్ళు కనబడకుండా సవరించారని గ్లాడిస్ హాన్సెన్, ఎమ్మెట్ కాండన్ 1989లో వేసిన 'డినయల్ ఆఫ్ డిజాస్టర్' పుస్తకంలో చెప్పారు. ఫోటోషాప్ పుట్టకముందే ఇదంతా!

సరే, భూకంపానికి ముందు తీసినవైనా నమ్మొచ్చా? మైల్స్ బ్రదర్స్ తీసిన 'ఎ ట్రిప్ డౌన్ మార్కెట్ స్ట్రీట్' అని ఒక సినిమా ఉంది, పదమూడు నిమిషాలు. కేబుల్ కారు ముందు కెమెరా పెట్టి ఫెర్రీ బిల్డింగు దాకా తీశారు. గుర్రబ్బళ్ళు, సైకిళ్ళు, పేపర్లమ్మే పిల్లలు, అడ్డంగా పరిగెత్తే జనం. అచ్చం మన కోఠీ సెంటర్లా ఉంటుంది, టోపీలు తప్ప. ఇది 1905 సెప్టెంబర్లో తీసిందని చాలాకాలం అనుకున్నారు. ఫ్రీమాంట్ నైల్స్‌లో ఉన్న మూకీ సినిమా మ్యూజియం చరిత్రకారుడు డేవిడ్ కీన్‌కి వీధిలో నీటిగుంటలు కనబడి అనుమానమొచ్చింది. ఆ నెలలో అక్కడ వాన లేదు. పాత వాతావరణ రికార్డులు, కారు నంబర్లు, పేపర్లలో ప్రకటనలు తవ్వి, భూకంపానికి కొద్ది వారాల లోపే తీశారని తేల్చాడు. ప్రింటు ముందురోజే రైల్లో న్యూయార్క్ వెళ్ళిపోయింది కాబట్టి బతికింది. స్టూడియో కాలిపోయింది. అంటే అందులో కెమెరా వైపు చూసి నవ్విన వాళ్ళలో కొందరికి మిగిలిన ఆయుష్షు వారాల్లోనే. జాగ్రత్తగా చూస్తే మాత్రం కొన్ని కార్లు చుట్టు తిరిగి మళ్ళీ మళ్ళీ కెమెరా ముందుకొస్తుంటాయి. ఊళ్ళో బోలెడు కార్లున్నాయని చూపించడానికి కాబోలు :)

కార్ల వేషం సరదాగా ఉంది గానీ, గెంతె అంతకుముందు చైనాటౌన్‌లో తీసిన ఫోటోల సంగతి అంత సరదా కాదు. పాత చైనాటౌన్ మొత్తం కాలిపోయింది, ఇప్పుడు దాన్ని చూడాలంటే ఆయన ఫోటోలే ప్రధాన దిక్కు. స్నేహితుడి మాట విని నెగెటివ్‌లు ముందే వేరేచోట భద్రపరచడం వల్ల అవి దక్కాయి. కానీ వాటిలో ఇంగ్లీషు బోర్డులు, టెలిఫోన్ తీగలు, తెల్లవాళ్ళు కనిపిస్తే కొన్నిటిలో గీకేశాడని, కత్తిరించేశాడని జాన్ చెన్ అనే చరిత్రకారుడు 1984లో బయటపెట్టాడు. నిజం చైనాటౌన్ ఆ ఊళ్ళో ఒక పేట, అమెరికన్ పేట. గెంతెకి కావాల్సింది ఏదో దూరదేశపు మాయలోకం.

ఆ పేటలో ఎంతమంది చనిపోయారు? అధికారిక లెక్కలో ఊరు మొత్తానికి 478 మంది. చైనావాళ్ళ పేర్లు అందులో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. సిటీ లైబ్రరీలో పనిచేసిన గ్లాడిస్ హాన్సెన్‌ని, మా తాత అప్పుడు పోయాడా అని జనం అడిగేవారు. చూద్దామంటే చనిపోయినవాళ్ళ జాబితా అనేదే లేదు. ఆవిడే మొదలుపెట్టింది. ఉత్తరాలు రాసి, పాత పేపర్లు తిరగేసి, ఒక్కో పేరూ చేరుస్తూ పోతే లెక్క మూడు వేలు దాటింది. రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి కదా, నాకు ఈవిడ పని మిగతా అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న గడిలో సున్నా వేసి చేతులు దులుపుకోవడం అందరికీ వచ్చు.

నిజం చెప్పే ఫోటోలు లేకపోలేదు. అవి ఊళ్ళో కాదు, పొలాల్లో తీసినవి. జి.కె. గిల్బర్ట్ అనే భూగర్భశాస్త్రవేత్త ఒక కంచె ఫోటో తీశాడు. తిన్నగా వస్తున్న కంచె ఒకచోట తెగి, మిగతా సగం ఎనిమిదిన్నర అడుగులు పక్కన ఉంది. శవాల్లేవు, పొగ లేదు. పోస్టుకార్డుగా ఎవడూ కొనడు. 1908లో వచ్చిన శాస్త్రీయ నివేదికకి ఆధారాలు ఇలాంటివే. ఆ పరిశోధనకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బివ్వలేదు, కార్నెగీ సంస్థ ఇచ్చింది. భూకంపాన్ని లెక్కలోకి తీసుకుని భవనాలు కట్టాలని కాలిఫోర్నియాలో రాష్ట్రస్థాయి చట్టాలు వచ్చింది 1933లో, లాంగ్ బీచ్ భూకంపం బళ్ళు కూల్చేశాక. 27 ఏళ్ళు!

డేవిడ్ కీన్ మ్యూజియం ఉన్న ఫ్రీమాంట్లో మనవాళ్ళు ఎంతమంది ఇళ్ళు కొనుక్కున్నారో చెప్పక్కర్లేదు. ఆ ఊరి మధ్యనుంచే హేవర్డ్ ఫాల్ట్ పోతుంది, 1868లో అది ఒకసారి గట్టిగానే కదిలింది. అక్కడ మీకో, మీవాళ్ళకో ఇల్లుంటే ఇన్సూరెన్స్ కాగితాలు బయటికి తీసి చదవండి. మామూలు హోమ్ పాలసీలో, భూకంపం తర్వాత అంటుకున్న మంటకి కంపెనీ డబ్బివ్వాలని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. భూకంపానికే గోడ కూలితే మాత్రం ఆ పాలసీ కింద ఏమీ రాదు, దానికి విడిగా ఇంకో పాలసీ కొనాలి. డిడక్టబుల్ ఎంతో చూసి కొనండి.