అందరూ ఒకే కెర్నల్ దగ్గర ఆగినప్పుడు

లినక్స్ వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ 2.6.32 విడుదలైంది 2009 డిసెంబరులో. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు 10.04, నవంబరులో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6, 2011 ఫిబ్రవరిలో డెబియన్ 6 అనే లినక్స్ పంపిణీలు దాని మీదే వచ్చాయి. డెబియన్ 6 నాటికి 2.6.37 కూడా సిద్ధంగానే ఉంది. అయినా పాతదాన్నే పట్టుకోవడం బద్ధకం కాదు. ఎంపికలో అసలు ప్రశ్న ఏది కొత్తది అని కాదు, రేపు లోపం బయటపడితే దాన్ని ఎవరు సరిచేస్తారు అని. అందరూ ఒకే వెర్షన్‌పై నిలిస్తే ఒకరు చేసిన మరమ్మతు అందరికీ అందుతుంది. 2.6.32కు 2016 దాకా సవరణలు వచ్చాయంటే కారణం అదే.

పాత కెర్నల్ కొత్త యంత్రాలను గుర్తించదన్న అభ్యంతరం నిజమే. అందుకే రెడ్ హ్యాట్ కొత్త డ్రైవర్లను పాత కెర్నల్లోకి తెచ్చి కలిపింది, ఉబుంటు 12.04 నుంచి దీర్ఘకాల విడుదలలకూ మధ్యమధ్యలో కొత్త కెర్నళ్లు ఇచ్చింది. 2024లో ఉబుంటు ఇంకా ముందుకెళ్లి, విడుదల నాటికి తుదిరూపు దాల్చకపోయినా సరికొత్త కెర్నల్‌నే తీసుకుంటామంది. ఆ భారం మోయడానికి జీతాలు తీసుకునే సొంత కెర్నల్ బృందం ఉబుంటుకుంది. స్వచ్ఛంద శ్రమతో డెబియన్‌పై తయారైన ‘స్వేచ్ఛ’ లాంటి తెలుగు వ్యవస్థకు అలాంటి బృందం లేదు. డెబియన్ ఎంపికే దానికి అండ. మధిర లాంటి ఊళ్లో బడి కంప్యూటరుకు కావలసింది సరికొత్త కెర్నల్ కాదు, ఏళ్ల తరబడి మరమ్మతు ఆగని కెర్నల్.