డీఫ్రాగ్ పెట్టి పడుకోండి!

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఏడాది పొడిగింపు తీసుకున్న ఇళ్లలోనూ 2026 అక్టోబరు 13 దాకానే గడువు. ఇక సలహాలకు కొదవేముంది! "కొత్తది కొనేయండి బాబాయ్" అని ఒకరు, "ఏమీ కాదు, అలాగే వాడుకోండి" అని ఒకరు, "లినక్స్ ఎక్కించండి" అని ఇంకొకరు. కంప్యూటర్ల చరిత్ర చాలామంది రాశారు. వాటితోపాటు ఇంట్లోకి వచ్చిన సలహాల చరిత్రను పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాకు ఆ సలహాలంటే గౌరవం. పుట్టిన రోజున వాటిలో చాలావాటికి గట్టి కారణమే ఉంది.

మొదట్లో సలహా చెప్పేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో మొదలై, తర్వాత టీడీసీ కంప్యూటర్లు తయారుచేసింది. అలాంటి యంత్రాలు ఏసీ గదుల్లో ఉండేవి, జనం గది బయట ఉండేవారు. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినా మామూలు ఇంటికి తెలిసింది లేదు. పీసీలు వచ్చాక మొదటి సలహా గుమ్మం దగ్గరే వినిపించింది: "చెప్పులు బయట విప్పండి." దుమ్ము భయం అది. ఆపై వైరస్ భయం. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల మీదే ఊళ్లు తిరిగింది. ఆ తర్వాత మరెన్నో అదే దారి పట్టాయి. డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా లాంటి గేములు మనకు చేరిందీ పరాయి ఫ్లాపీల మీదే. "గేములాడితే సిస్టమ్ పాడైపోతుంది" అన్న పెద్దల మాట వెనక ఇంత సంగతి ఉంది.

అన్నిటిలోకీ నాకు ప్రాణమైన సలహా మాత్రం డీఫ్రాగ్. ఎంఎస్-డాస్ 6తో 1993లో వచ్చి, విండోస్ 95, 98ల కాలంలో మన ఇళ్లను ఏలింది. రోడ్ రాష్ లోడవడానికి ఆలస్యమైనా, వర్డ్ తెరుచుకోకపోయినా, మెషీన్ కొన్న చోటికి ఫోన్ చేస్తే జవాబు ఒకటే: "రాత్రికి డీఫ్రాగ్ పెట్టి పడుకోండి అంకుల్." సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కౌంటర్ల దగ్గర ర్యామ్ బేరం ఆడుతూ ఈ మాట విననివాళ్లు అరుదు.

కారణం ఇదీ. అప్పటి హార్డ్ డిస్క్‌లో గిర్రున తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే చిన్న చేయి. ఫైళ్లను చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేకొద్దీ ఖాళీలు చెదిరిపోయేవి. కొత్త ఫైలు దొరికిన ఖాళీలోనల్లా ముక్కముక్కగా కూర్చునేది. ఒకే పెళ్లికి వచ్చిన చుట్టాలను ఊళ్లోని పది ఇళ్లలో దించితే, భోజనాలకు పిలవడానికి పది గడపలూ ఎక్కాలి కదా! ఆ చేతి పనీ అంతే. డీఫ్రాగ్ ఆ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చేది. విండోస్ 98 అయితే మనం తరచూ వాడే ప్రోగ్రాముల ఫైళ్లను త్వరగా తెరుచుకునే వరసలో సర్దేది.

"వివరాలు" నొక్కితే తెరంతా చిన్న చిన్న రంగు గళ్లు. చదువుతున్న గడికో రంగు, రాస్తున్న గడికో రంగు, సర్దడం పూర్తయినవాటికి మరో రంగు. పక్కనే కేబినెట్‌లోంచి కిరకిర చప్పుడు. అన్నం కంచాలు పట్టుకొచ్చి ఆ గళ్ల ముందు కూర్చున్న కుటుంబాలున్నాయి. యంత్రం లోపల జరిగే పనిని అంత విప్పి చూపించిన తెర నాకు మళ్లీ తారసపడలేదు.

మధ్యలో ఏ ప్రోగ్రామైనా డిస్క్ మీద ఏదైనా రాసిందా, లెక్క మళ్లీ మొదటికి! అందుకే సలహాకు పిల్ల సలహాలు పుట్టాయి: స్క్రీన్ సేవర్ తీసేయండి, యాంటీవైరస్ ఆపండి, సేఫ్ మోడ్‌లో పెట్టండి, పిల్లల్ని మౌస్ ముట్టుకోనివ్వకండి. వీటన్నిటినీ మించింది కరెంటు కోత. యూపీఎస్ లేని ఇంట్లో అరవై శాతం దగ్గర కరెంటు పోతే, వచ్చాక నీలి తెర మీద స్కాన్‌డిస్క్ నడిచేది. అది పూర్తయ్యేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తి "కంగారుపడకండి ఆంటీ, ఎంటర్ కొట్టండి" అన్న కుర్రాళ్లు అందుకు పైసా పుచ్చుకోలేదు.

2007లో విస్టా డీఫ్రాగ్ బొమ్మను పూర్తిగా తీసేసి, పనిని తెర వెనక్కి పంపింది. ఆపై హార్డ్ డిస్క్‌ల చోట వచ్చిన ఎస్ఎస్‌డీలలో పళ్లెమూ లేదు, చేయీ లేదు. ముక్క ఎక్కడున్నా దాదాపు ఒకే వేగంతో అందుతుంది. పైగా వాటి కణాల మీద రాయగలిగిన సార్లకు హద్దుంది కాబట్టి ఊరికే డీఫ్రాగ్ చేస్తే ఆయుష్షు తరుగుతుంది. ఎస్ఎస్‌డీ కనబడితే విండోస్ 7 తానే ఆ పని మానుకుంది.

ఆ తర్వాత సలహాకూ కారణానికీ ఉన్న వరస చెదిరింది. "చార్జింగ్ పూర్తిగా దిగాకే పెట్టాలి" అన్నది నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియం బ్యాటరీకి అదే చెరుపు, అయినా నేటికీ వినబడుతోంది. ఫోన్లో యాప్‌లన్నీ పైకి తోసేస్తే బ్యాటరీ మిగులుతుందంటారు. తరచూ వాడేదాన్ని మళ్లీ మొదటినుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చు. పాత గాజు మానిటర్లతో పోయిందనుకున్న స్క్రీన్ సేవర్ సలహా ఓఎల్ఈడీ తెరలతో తిరిగొచ్చింది, ఈసారీ న్యాయంగానే. సలహా చెప్పేవాళ్లూ మారారు: పబ్జీని 2020లో నిషేధించాక ఏ గేమ్ ఆడాలన్నదీ, ఏ ఫోన్ హీటెక్కదన్నదీ పదో తరగతి పిల్లలే పెద్దలకు చెబుతున్నారు.

విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ లేని పాత మెషీన్ మీ ఇంట్లో ఉంటే, పారేయకండి. ముందు మీ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించి, లినక్స్ మింట్ ఎక్కించండి. తెలుగు టైపింగ్ అందులోనూ ఉంది. డీఫ్రాగ్ అవసరం మాత్రం ఉండదు.