చర్ల దాటాక ఒక పాత ఫోన్

మే నెల ఎండ. యాప్ రాసే మీరు భద్రాచలం నుంచి చర్ల రోడ్డు పట్టారు. దారి పొడవునా కల్లాల్లో తునికాకు ఆరబోసి ఉంది, యాభై ఆకుల కట్టలు బారులు తీరి. చర్ల దాటి మట్టిరోడ్డెక్కగానే సిగ్నల్ పోయింది. ఇక్కడ టవరే అందదు.

ఊళ్లో వేపచెట్టు కింద మంచం వాల్చారు. ఆశా కార్యకర్త తన ఫోన్ మీ చేతిలో పెట్టింది.

"మీ యాప్ తెరవంగనే మూసుకపోతంది సార్. చర్లకు పోయినప్పుడు అప్‌డేట్ అయింది. అప్పట్నుంచి ఇంతే."

మీరూ నొక్కి చూస్తారు. తెల్లతెర మెరిసి మాయమవుతుంది.

కేబుల్ తగిలించి, ఫోన్ లోపల జరిగేది వరసగా చూపే లాగ్‌క్యాట్‌ను ల్యాప్‌టాప్‌లో తెరుస్తారు. జలజలా పారే వరసల్లో ఎర్రగా ఒకటి: అన్‌శాటిస్‌ఫైడ్‌లింక్‌ఎర్రర్. ఫొటో సైజు తగ్గించే లైబ్రరీ దొరకలేదట. మీ టీం యాప్‌లన్నీ వాడుకునే ఉమ్మడి లైబ్రరీ అది. ఆఫీసు ఫోన్లలో ఒక్కదాంట్లోనూ ఈ తంటా రాలేదు.

ఏ రకం కోడ్ నడుపుతావు, అంటే ఏబీఐ ఏమిటని ఫోన్‌నే అడుగుతారు. ఆర్మ్ వీ7ఏ అంటుంది, అంటే 32 బిట్. డబ్బా మీద 64 అని ఉన్నా నమ్మడానికి లేదు. ర్యామ్ తక్కువున్న చవక ఫోన్లు చాలావాటిలో చిప్ 64దే, దానిమీద వేసిన ఆండ్రాయిడ్ మాత్రం 32ది.

యాప్ ప్యాకేజీ విప్పుతారు. 64 ఫోల్డర్‌లో రెండు లైబ్రరీలున్నాయి, ఫొటోది, డేటాబేస్‌ది. 32 ఫోల్డర్‌లో డేటాబేస్‌ది ఒక్కటే. దొంగ దొరికాడు. 32 ఫోల్డరే లేకపోయుంటే ఫోన్ ఈ అప్‌డేట్‌ను ఎక్కించుకునేదే కాదు, పాత వెర్షన్ బతికి ఉండేది. ఒక లైబ్రరీకైనా చోటు కనిపించేసరికి సరేనంది. తీరా తెరిచాక రెండోది లేదు.

2019 ఆగస్టు 1 నుంచి ప్లే స్టోర్ 64 బిట్ తప్పనిసరి చేసింది. 64 కూడా ఉండాలన్నదే ఆ నిబంధన, 32 పీకేయమని కాదు. సైజు కలిసొస్తుందని ఎవరో ఫొటో లైబ్రరీ కొత్త వెర్షన్‌లో 32ను పీకేశారు. సిటీలో కూర్చుంటే పాత ఫోన్ల కాలం చెల్లిందనే అనిపిస్తుంది మరి!

లైబ్రరీని తెరిచే కోడ్‌లో ట్రై, క్యాచ్ రెండూ ఉన్నాయి. కానీ క్యాచ్ పట్టేది ఎక్సెప్షన్లను. ఇది జావాలో ఎర్రర్ జాతి, దాని కొమ్మే వేరు, అందుకే జారిపోయింది. పేరుపెట్టి దాన్ని పట్టుకుంటారు. లైబ్రరీ రాకపోతే ఆండ్రాయిడ్‌లోనే ఉన్న బిట్‌మ్యాప్ కంప్రెస్‌తో పని నడిపించమని రాస్తారు. కాస్త నెమ్మది, అయితేనేం.

బిల్డ్ అయింది. ఎక్కించబోతే ఫోన్ తిప్పికొట్టింది, సంతకం కలవలేదని. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది డీబగ్ కీ, అసలు కీ హైదరాబాద్‌లో ఉంది. పాతది తీసేస్తే ఇది ఎక్కుతుంది.

"నేను రాసిన ఇండ్ల వివరాలు ఉన్నయా సార్? ఇంకా పంపలె."

ఉన్నాయి, ఆ యాప్ లోపలే. తీసేస్తే అవీ పోతాయి.

"అన్‌ఇన్‌స్టాల్ మాత్రం నొక్కకక్కా. ఎవరు చెప్పినా సరే."

బండి మళ్లీ చర్ల వైపు తిప్పుతారు. సిగ్నల్ తగలగానే హైదరాబాద్‌కు ఫోన్ చేస్తారు: లైబ్రరీలో 32 మళ్లీ పెట్టండి, నేను పంపే క్యాచ్ కలపండి, అసలు కీతో సంతకం చేసి సాయంత్రానికి ఫైలు పంపండి. అవతలివాళ్లు అడుగుతారు, "ఒక్క ఫోన్ కోసమా?"

చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఆశాలందరి ఫోన్ల మోడళ్లూ రాసి పంపమని మీరు వాట్సాప్ గ్రూపులో అప్పటికే అడిగారు. జవాబులు ఒక్కొక్కటే వస్తున్నాయి.