హోంమంత్రి (రాష్ట్రం)

రాష్ట్ర మంత్రివర్గంలో పోలీసు, జైళ్లు, అగ్నిమాపక సేవలు వంటి విభాగాలను చూసే మంత్రి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు శాంతిభద్రతలు, పోలీసు. జైళ్లది నాలుగో స్థానం. ఈ పదవి బరువంతా అక్కడి నుంచి వచ్చిందే.

శాఖ పేరులో ఉన్నంత అధికారం మంత్రి చేతిలో ప్రతిసారీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో వంగలపూడి అనిత హోం, విపత్తు నిర్వహణ శాఖలు చేపట్టినా, శాంతిభద్రతలను ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తన దగ్గరే ఉంచుకున్నారు. తెలంగాణలో నాయిని నర్సింహారెడ్డి, మహమూద్ అలీల తర్వాత, 2023 డిసెంబరు నుంచి హోం శాఖ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వద్దే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో సబితా ఇంద్రారెడ్డి తొలి మహిళా హోంమంత్రి అయ్యారు.

మంత్రి పని: విధానం, బడ్జెట్, నియామకాలు, శాసనసభలో జవాబు చెప్పడం. కేసు దర్యాప్తు మాత్రం చట్టప్రకారం పోలీసులదే: ఫిర్యాదు అందుకుని ఎఫ్‌ఐఆర్ రాసేది స్టేషన్ హౌస్ ఆఫీసర్, సచివాలయం కాదు. ఐపీఎస్ అధికారిని రాష్ట్రం బదిలీ చేయగలదు, సస్పెండ్ చేయగలదు. ఉద్యోగం నుంచి తీసేయడం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంది. బదిలీల్లో రాజకీయ జోక్యం పాత రోగమే. దాన్ని అరికట్టేందుకు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర భద్రతా కమిషన్లు ఏర్పాటు చేయాలని, డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ఆదేశించింది. ఆ ఆదేశాల అమలు పలు రాష్ట్రాల్లో అరకొరగానే సాగింది.