శల్యాపనయనం

సుశ్రుత సంహితలో శస్త్రవైద్యానికి శల్యతంత్రమని పేరు. శల్యమనగానే మనకు ఎముక గుర్తుకు వస్తుంది. మనిషి చిక్కి శల్యమయ్యాడంటాం. సంస్కృతంలో దానికి బాణపు ములికి అన్న అర్థమూ ఉంది. వైద్యశాస్త్రంలోనైతే దేహంలో ఉండి బాధపెట్టే వస్తువు ఏదైనా శల్యమే. సూత్రస్థానంలోని 26వ అధ్యాయానికి ప్రనష్టశల్యవిజ్ఞానీయమని పేరు. కంటికి కనబడకుండా లోపల మాటుమణిగిన శల్యాన్ని ఎలా కనిపెట్టాలో అది చెబుతుంది. కనిపెట్టినదానిని వెలికితీయడం 27వ అధ్యాయపు విషయం, అది శల్యాపనయనీయం.

ఆ శల్యాలు శత్రువు చేతనో ప్రమాదవశాననో దేహంలో చేరినవి. రొక్కం చెల్లించి, వైద్యుని చేత కోరి లోపల పెట్టించుకొని, కొన్నేళ్లకు మళ్లీ ఆ వైద్యుని దగ్గరికే పోయి తీసివేయమని అడగడం మాత్రం నిన్నమొన్నటి సంగతి. వక్షస్థలంలో అమర్చే సిలికాన్ సంచుల చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఈ రెండు అధ్యాయాలే మనసులో మెదిలాయి.

సంచులకు పూర్వం సూదిమందు వచ్చింది. 19వ శతాబ్దం చివర వియన్నా వైద్యుడు రాబర్ట్ గెర్సునీ పారఫిన్‌ను కరిగించి దేహంలోకి ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. స్తనాలు పెద్దవి కావడానికి కూడా దానిని వాడారు. ఆ మైనం లోపల గడ్డలు కట్టింది, చోటు మారింది, పుండ్లు పెట్టింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపానులోను, అమెరికాలోను పారఫిన్ స్థానంలోకి ద్రవ సిలికాన్ వచ్చింది. పదార్థం మారింది గాని స్త్రీలు పడిన యాతన మారలేదు.

1962లో హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఇద్దరు వైద్యులు సిలికాన్‌ను సంచిలో బంధించారు. రక్తం నింపిన ప్లాస్టిక్ సంచిని చేతితో నొక్కి చూసినప్పుడు జెరోకు ఈ ఊహ తట్టిందంటారు. మొదట ఎస్మెరాల్డా అనే ఆడకుక్క మీద ప్రయోగించారు. అది కుట్లను కొరుక్కోవడం మొదలుపెట్టగా సంచిని తీసివేశారు. అంటే ఈ చరిత్రలో అమర్చడమూ తొలగించడమూ ఒక్క ప్రాణితోనే ఆరంభమయ్యాయి! ఆ తరువాత ఒక స్త్రీకి అమర్చారు. ఆమె ఆరుగురు బిడ్డల తల్లి. రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది. ఈ కొత్త పద్ధతికి ఒప్పుకొంటావా అని వైద్యులు అడిగితే, ముందుకు పొడుచుకు వచ్చిన చెవులను కూడా సరిచేయించుకోవాలన్న కోరికతో ఆమె సరేనంది.

ఇటువంటి వైద్యపరికరాలను పరీక్షించి అనుమతించే చట్టం అమెరికాలో 1976 దాకా రాలేదు. అప్పటికే అంగడిలో ఉన్న సంచులకు ఆ చట్టం వెంటనే అడ్డు చెప్పలేదు. భద్రతకు ఆధారాలు చూపమని తయారీదారులను గట్టిగా అడిగింది 1991లో. చూపినవి చాలవని 1992లో సౌందర్యం కోసం జెల్ సంచులు అమర్చడాన్ని నిలిపివేశారు. వ్యాజ్యాల తాకిడికి 1995లో డౌ కార్నింగ్ సంస్థ దివాలా రక్షణ కోరింది. 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, ఈ సంచుల వల్ల దేహమంతటికీ వ్యాపించే జబ్బులు వస్తాయనడానికి ఆధారం లేదని చెప్పింది. సంచులు చిట్లడం, చుట్టూ ఏర్పడే పీచుపొర బిగుసుకుపోవడం, మళ్లీ మళ్లీ కత్తి కిందికి పోవలసిరావడం మాత్రం నిజమైన బెడదలేనని అన్నది. 2006లో జెల్ సంచులు తిరిగి అంగడికి వచ్చాయి.

ఇక ఫ్రాన్సుకు వద్దాం. మధ్యధరా తీరాన లా సేన్ సుర్ మేర్ అనే పట్టణంలో జాన్ క్లోడ్ మా అనే వ్యక్తి 1991లో పి.ఐ.పి. అనే సంస్థను స్థాపించాడు. వైద్యానికి ఆమోదించిన జెల్‌కు బదులు, చవకగా దొరికే పారిశ్రామిక సిలికాన్‌తో స్వయంగా కలుపుకొన్న జెల్‌ను ఏళ్లతరబడి సంచుల్లో నింపించాడు. తనిఖీకి వచ్చేవారు ముందుగా కబురు చేసి వచ్చేవారు. వారు వచ్చేవేళకు ఆ పీపాలు అక్కడ ఉండేవి కావు. ఐరోపా ముద్రకు యోగ్యతాపత్రం ఇచ్చిన జర్మన్ సంస్థ కాగితాలనూ పద్ధతులనూ చూసింది గాని, సంచి లోపలి జెల్‌కు శల్యపరీక్ష చేయలేదు. మన భాషలో ఆ మాట క్షుణ్ణంగా శోధించడమన్న అర్థంలో ఎందుకు నిలిచిందో ఇక్కడ బాగా తెలుస్తుంది.

సంచులు చిట్లుతున్నాయని శస్త్రవైద్యులే మొదట గుర్తించి ఫిర్యాదు చేశారు. 2010 మార్చిలో అధికారులు కర్మాగారాన్ని తనిఖీ చేసి, మోసం కనిపెట్టి అమ్మకాలు ఆపించారు. అప్పటికి లక్షలమంది స్త్రీల దేహాల్లో ఆ సరుకు ఉంది. ఫ్రాన్సులోనే వారు సుమారు 30,000 మంది.

2011 డిసెంబరు 23న ఫ్రెంచి ప్రభుత్వం, ఆ సంచులు ఉన్నవారందరూ ముందుజాగ్రత్తగా తీయించుకోవడం మేలని ప్రకటించింది. చిట్లకున్నా సరే, బాధ లేకున్నా సరే. ఖర్చు ప్రభుత్వ బీమాదే. కొత్తవి పెట్టించుకొనే ఖర్చు మాత్రం కాన్సరు వల్ల స్తనం కోల్పోయినవారికే ఇస్తామన్నారు. సౌందర్యం కోసం పెట్టించుకొన్నవారికి ఇవ్వకపోవడంలో శిక్షించే ధోరణి ఉన్నదని నాకనిపిస్తుంది. మోసం ఇద్దరికీ ఒకటే కదా!

సముద్రపు పాయకు ఆవలనున్న బ్రిటనులో సుమారు 47,000 మందికి అవే సంచులు ఉన్నాయి. వారి ప్రభుత్వం అందరూ తీయించుకోనక్కరలేదన్నది. బ్రూస్ కియో నాయకత్వంలోని నిపుణుల బృందం 2012లో నివేదిక ఇచ్చింది. ఆ సంచులు ఇతర సంచులకంటె రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువగా చిట్లుతాయని, అయినా లోపలి జెల్ విషపూరితమనడానికి గాని, కాన్సరు తెస్తుందనడానికి గాని నిదర్శనం లేదని అన్నది. జర్మనీ మాత్రం తీయించుకోవడమే మంచిదని 2012 జనవరిలో ఫ్రాన్సు పక్షాన చేరింది. సంచి ఒకటే, జెల్ ఒకటే. పొలిమేర దాటితే సలహా వేరు.

ఆ స్త్రీ స్థానంలో ఉండి ఆలోచించి చూడండి. సంచి చిట్లినా ఒక్కొక్కసారి నొప్పి ఉండదు, ఆకారమూ మారదు, ఎమ్.ఆర్.ఐ. తీస్తే తప్ప బయటపడదు. అచ్చంగా ప్రనష్టశల్యమే. కారిన జెల్ చంకలోని గ్రంథులకు చేరవచ్చు. అలాగని తీయించుకోవడం తేలికా అంటే, మళ్లీ మత్తుమందు, మళ్లీ కోత. ఏళ్లతరబడి సాగిన చర్మం తీసిన తరువాత వేలాడవచ్చు. ఇంగ్లండులోనైతే పెట్టిన ప్రైవేటు ఆసుపత్రి మొండికేస్తే ప్రభుత్వ వైద్యశాల తీసిపెడుతుంది గాని, కొత్తవి పెట్టదు. వెయ్యిమందిలో ఎందరికి చిట్లుతుందో నిపుణుడు చెప్పగలడు. ఆమెకు కావలసినది తన రెండు సంచుల సంగతి. ఆ లెక్క ఏ నివేదికలోనూ దొరకదు. ఫ్రాన్సులో సగానికి పైగా స్త్రీలు తీయించుకొన్నారు. వారిలో ఎందరినో కత్తి దాకా నడిపించింది దేహబాధ కాదు, ఒక మోసగాని సరుకు ఒంట్లో ఉన్నదన్న ఆలోచన. దానిని మనోవ్యాధి అని కొట్టివేయడం న్యాయం కాదు.

2013లో మార్సేల్ నగరంలో విచారణ జరిగింది. ఫిర్యాదుదారులు 5,000 మందికి పైబడటంతో న్యాయస్థానం చాలక ప్రదర్శనశాలల ప్రాంగణంలో నడిపారు. ఆ డిసెంబరులో జాన్ క్లోడ్ మాకు నాలుగేళ్ల జైలు, 75,000 యూరోల జరిమానా విధించారు. 2016లో పై న్యాయస్థానం దానిని ఖాయం చేసింది. 2019లో అతడు మరణించాడు.

ఆ సంవత్సరమే మరొక చిక్కు ముదిరింది. గరుకు ఉపరితలం గల కొన్ని సంచుల చుట్టూ ఏర్పడే పొరలో అరుదైన లింఫోమా పుడుతున్నదని తేలి, అలర్గాన్ సంస్థ 2019 జూలైలో తన గరుకు సంచులను ప్రపంచమంతటా వెనక్కు తీసికొన్నది. ఈసారి అమెరికా అధికారులు, లక్షణాలు లేనివారు తీయించుకోనక్కరలేదన్నారు. అమ్మకూడనిది, ఒంట్లో ఉంటే ఉండనివ్వవచ్చుననే ఈ మాట వైద్యశాస్త్రరీత్యా సబబే. అపాయం చాలా అరుదు, శస్త్రచికిత్సకూ దాని ప్రమాదం దానికుంది. అయినా ఆ మాట విన్న స్త్రీకి ఆ రాత్రి నిద్రపట్టదు.

అలసట, కీళ్లనొప్పులు, మతిమరపు వంటివాటితో ఏళ్లుగా మొరపెట్టుకొంటున్నవారి సంగతి కూడా చివరకు కాగితానికెక్కింది. 2021 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం ఈ సంచులపై నల్లగడి కట్టిన హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఇవి జీవితాంతం ఉండేవి కావని, ఎంతకాలం ఉంటే అంతగా చిక్కులు రావచ్చునని అందులో ఉంది. ఇటువంటి లక్షణాలు కొందరిలో కనబడ్డాయని, తీయించుకొన్న తరువాత కొందరికి తగ్గాయని కూడా స్త్రీకి ముందే తెలియజేయాలి. ఆమె ఆ పట్టిక చదివి సంతకం చేసిన తరువాతనే వైద్యుడు అమర్చాలి.

1962లో హ్యూస్టన్ స్త్రీకి అటువంటి పట్టిక ఎవరూ చూపలేదు. ఏభై ఏళ్ల తరువాత, 2012లో, ఎనభై ఏళ్ల వయస్సులో ఆమె బి.బి.సి.తో మాట్లాడింది. ఆనాటి సంచులు అప్పటికీ ఆమె దేహంలోనే ఉన్నాయి.