డప్పు మానినవారు

ఒంగోలు సంఘచరిత్రను వ్రాయువారు సాధారణంగా 1878 జులై 3న గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిన 2,222 మందితో ఆరంభిస్తారు. మేము అంతకు ముందటి దినాలను చూడగోరుతున్నాము.

1866లో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందిన తరువాత మాదిగపల్లెలలో మూడు నియమాలు వ్యాపించాయి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవే. గాని జాతరలో డప్పు కొట్టనివాడు ఊరికి ఏమవుతాడు? చాకలి బట్టలు ఉతకలేదు. కుమ్మరి కుండ అమ్మలేదు. ఊరి బీడులో వారి పశువులను మేయనివ్వలేదు. చెప్పులు కుట్టే పని పోయింది, కోతకాలపు గింజలూ పోయాయి. క్లౌ దొరగారు ఈ బాధలను తమ ఆత్మకథలో చెప్పారు. ఇంత జరిగినా వారు పల్లె విడువలేదు, ఊరు వారిని పాత కులపు పేరుతో పిలుచుట మానలేదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వేరొక లెక్క తీసింది. షెడ్యూల్డు కులాల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవుడైన మాదిగకు లేదు. మన తెలుగు రాష్ట్రాలలో అతడు బి.సి. ‘సి’ వర్గమువాడు.

మేము సేవచేసిన సంఘాలలో బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు గల బిడ్డలు అనేకులు. వారిని వేషధారులని ప్రసంగించిన దినాలు మాకూ ఉన్నవి. పేరయ్య కాలమువారు పోగొట్టుకొన్న గింజలను లెక్కించిన పిమ్మట ఆ మాట మరల అనలేకపోయాము.